మస్టాంగూ మన జీపూ

పాత బండిని బాగుచేయించామని చెప్పుకునేవాళ్లకు నేను పెట్టే పరీక్ష ఒక్కటే. సోమవారం పొద్దున్నే అది పనికి కదులుతుందా, లేదా? పెళ్లి ఊరేగింపుకూ ఫొటోలకూ ఏడాదికోసారి జరిగే ప్రదర్శనకూ ఏ బండైనా కదులుతుంది. ఆసుపత్రికి, సంతకు, కాలిపోయిన బోరు మోటారును బళ్లారిలో వైండింగుకు ఇచ్చి రావడానికి కదలాలి. రంగూ, మెరిసే బంపర్లూ ఆ తర్వాతి మాట. ఈ పరీక్షకు నిలిచే పాతకాలపు కారు ఏదని అమెరికాలో అడిగితే ఎక్కువమంది నోట వచ్చే పేరు ఫోర్డ్ మస్టాంగ్, అందులోనూ 1965, 1966 మోడళ్లు. అదే ప్రశ్న అనంతపురం జిల్లాలోని మా ఉరవకొండలో అడిగితే జీపు అంటారు. జీపు కూడా అమెరికాదేనన్న సంగతి ఎవరికీ గుర్తుండదు, అంతగా మనదైపోయింది. ఈ రెంటినీ విడివిడిగా మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. పక్కపక్కన నిలబెట్టి ఒకే కొలతతో కొలిచినవాళ్లు తక్కువ. నా కొలత పైన చెప్పిందే.

మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. మొదటి రోజే ఆర్డర్లు 22 వేలు దాటాయి. ఏడాది తిరిగేసరికి 4 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. ప్రారంభ ధర 2,368 డాలర్లు. పొడుగాటి బానెట్, కురచ వెనకభాగం, ముందు రెండు విడి సీట్లతో చూడగానే పరుగుబండి అనిపించే రూపం దానిది. ఆ రూపం కింద ఉన్నది మాత్రం ఫోర్డ్ వాళ్లదే ఫాల్కన్ అనే సంసారపక్షపు కారు. ఇంజిన్లు, గేర్‌బాక్సులు, సస్పెన్షన్ చాలావరకు అందులోంచి తెచ్చుకున్నవే. ఫోర్డ్ అధికారి లీ అయకోకా బృందం చేసిన తెలివైన పని అదే. మామూలు జీతగాడు కొనగలిగే ధరలో, మామూలు మెకానిక్ విప్పగలిగే యంత్రం మీద, కుర్రకారు కలగనే ఆకారం పెట్టారు. అసలు సిసలు స్పోర్ట్స్ కారంటే షెవర్లే కార్వెట్ అనీ, మస్టాంగ్‌ది ఉత్త వేషమేననీ తెలిసినవాళ్లు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. వాళ్ల మాట నిజమే. అయితే అరవై ఏళ్ల తర్వాత కూడా దాన్ని రోజూ నడపగలగడానికి కారణం లోపలున్న ఆ ఫాల్కనే. ఆరు సిలిండర్ల 200 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, 120 గుర్రాల బలం, విప్పితే లోపల ఆశ్చర్యపోవాల్సింది ఏమీ ఉండదు. 289 క్యూబిక్ అంగుళాల వి-8 కావాలన్నవాళ్లకు అదీ ఉంది. కానీ రోజువారీ తిరుగుడుకు నా ఓటు ఆరు సిలిండర్లకే.

జీపు పుట్టుక వేరు. 1941 నాటి యుద్ధపు విల్లీస్ నుంచి నాగలి కట్టుకునే రైతు బండిగా మారి, 1953లో సీజే-3బీ అనే రూపానికి వచ్చింది. ఆ ఏడాదే అమెరికాలో మొదటి కార్వెట్ కూడా ఫ్యాక్టరీ గడప దాటింది. ఒకే దేశం ఒకే ఏడాది ఇంత భిన్నమైన రెండు బండ్లు కన్నది. సీజే-3బీ బానెట్ అంత ఎత్తుగా ఉండటం అందం కోసం కాదు. హరికేన్ అనే కొత్త ఇంజిన్‌లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులోకి వెళ్లాయి, ఇంజిన్ ఎత్తు పెరిగింది, దానికి తగ్గట్టు బానెట్టు పైకి లేచింది. మన కంటికి జీపు అంటే ఆ ఎత్తు ముక్కే. అమెరికాలో ఆ మోడల్ 1968తో ఆగిపోయింది. ఇక్కడ ఆగలేదు. యుద్ధకాలంలో అమెరికాలో పనిచేస్తున్నప్పుడు, మహీంద్రా కంపెనీ స్థాపకుల్లో ఒకరైన కె.సి. మహీంద్రా విల్లీస్ ఇంజినీరు బార్నీ రూస్‌ను కలవడంతో మొదలైన బంధం, స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే బొంబాయిలో జీపులు బిగించే దాకా వచ్చింది. ఆపైన సీజే-3బీ, సీజే-500డీ, ఎంఎం-540, కమాండర్, మేజర్ అంటూ 2010లో థార్ వచ్చేవరకు ఆ వంశం తెగలేదు.

జీపును స్పోర్ట్స్ కారు అనవచ్చా? అనకూడదు. 5.38 నిష్పత్తి ఉన్న ఇరుసు హౌసింగుతో, మూడు గేర్లతో అది గంటకు అరవై కిలోమీటర్లు దాటితే ఇంజిన్ మొత్తుకుంటుంది. ఉరవకొండ నుంచి అనంతపురానికి సుమారు యాభై కిలోమీటర్లు. 42వ నంబరు జాతీయ రహదారి మీద మస్టాంగ్ అయితే పాట వింటూ ముప్పావు గంటలోపే చేరుతుంది, జీపుకు గంట దాటుతుంది, దిగాక ఒళ్లు హూనమవుతుంది. ఈ విషయంలో వాదన లేదు. మరి స్పోర్ట్స్ కారు ఇస్తానని చెప్పే సుఖం ఏమిటి? రోడ్డు చేతికి తెలియడం, గేరు వేసే ఘడియ మనిషి చేతిలో ఉండటం, గాలి మొహానికి కొట్టడం. ఈ మూడూ మస్టాంగ్ వందమీద ఇస్తే, జీపు నలభై మీదే ఇస్తుంది. మన రోడ్ల మీద, అడ్డం వచ్చే గొర్రెల మందల మధ్య, వంద కంటే నలభై మీద దొరికే ఆనందమే రోజూ అందుబాటులో ఉండేది.

ఇక నేల, గాలి సంగతి. పాత బండి బతుకు చావులను తేల్చేది ఇంజిన్ కాదు, తుప్పు. మా జిల్లా సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన ఇక్కడేనని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చాం, ఎప్పుడూ బాధగానే. ఆ కరువు గాలి ఒక్క ఇనుముకు మాత్రం మేలు చేసింది. మచిలీపట్నం, కాకినాడ ఉప్పుగాలిలో పెరిగిన జీపును పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. అక్కడ ఛాసిస్ పట్టాలు పొరలు పొరలుగా ఊడొస్తాయి. ఇక్కడ యాభై ఏళ్ల ఛాసిస్‌కు కూడా దుమ్ము దులిపితే రంగు పట్టే గట్టి ఇనుము మిగిలి ఉంటుంది. అమెరికాలోనూ ఇదే లెక్క. మిషిగన్, ఒహాయో లాంటి రాష్ట్రాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి మస్టాంగ్‌లు అడుగునుంచి కరిగిపోయాయి. అరిజోనా ఎడారిలో తిరిగినవి నిలిచాయి. అందుకే అక్కడ పాత కార్లు కొనేవాళ్లు ఎడారి కారు అంటే రెండు డాలర్లు ఎక్కువ పెడతారు. మనం మాత్రం 'అనంతపురం బండి' అన్న మాటకు ఇంకా విలువ కట్టుకోలేదు. కట్టుకోవాలి.

మస్టాంగ్ తుప్పుకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. ముందు అద్దం కింద, బానెట్ వెనక, గాలి లోపలికి పోవడానికి చీలికలున్న రేకు ఉంటుంది. దాని కింద గూడు లాంటి ఖాళీ. ఆకులు, దుమ్ము అందులో పడి తడిని పట్టుకుని, కంటికి కనిపించకుండా రేకును తినేస్తాయి. కొనేవాడు తెలివైనవాడైతే రంగు చూడడు. ఒక చెంబు నీళ్లు ఆ చీలికల్లో పోసి, లోపల కాళ్ల దగ్గర కార్పెట్ తడిసిందా అని చేత్తో తడిమి చూస్తాడు. తడిస్తే ఆ రిపేరు చిన్నది కాదు. అతుకుపెట్టిన రేకుల టాకాలన్నీ విప్పి, మొత్తం పైభాగం కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి. పైగా మస్టాంగ్‌కు విడి ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. రేకు పోతే బలం పోయినట్టే. జీపుకు ఆ భయం తక్కువ. ఛాసిస్ వేరు, బాడీ వేరు, రేకంతా చదును పలకలే. పాత విల్లీస్‌లలో ఫ్లోరు కింద బలానికి పెట్టిన పట్టీల్లో కొయ్య దూర్చేవాళ్లు. ఆ కొయ్య నీళ్లు తాగి చుట్టూ ఉన్న ఇనుమును పాడుచేసేది. అది పోయినా టింకరింగ్ తెలిసినవాడు షీటు కత్తిరించి, అంచు మడిచి, సాయంత్రానికి కొత్తది బిగించగలడు. బాగుచేయడం అనే పని ఎంత దూరం మామూలు చేతులకు అందుతుంది అన్నదాంట్లో జీపుదే పైచేయి, సందేహం లేదు.

ఇనుమును కాపాడిన ఎండ రబ్బరును చంపుతుంది. కిటికీ బీడింగులు, బ్రేకు గొట్టాలు, ఆయిల్ సీళ్లు మా ఎండకు పగుళ్లు తీస్తాయి. మస్టాంగ్ డాష్‌బోర్డు మెత్త, సీటు తొడుగులు ఇక్కడ ఆరుబయట రెండు వేసవులు నిలవవు. జీపుకు పగిలేందుకు డాష్‌బోర్డు మెత్తే లేదు. 42 డిగ్రీల వేళ రేడియేటర్ కథ కూడా అంతే. వి-8 మస్టాంగ్‌లో ఇంజిన్ రెండు సస్పెన్షన్ గోపురాల మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది, గాలి ఆడే చోటు తక్కువ, ఫ్యాక్టరీ రేడియేటర్ చిన్నది. వేడి రాష్ట్రాల్లో రోజూ నడిపేవాళ్లు పెద్ద రేడియేటర్ వేసుకోక తప్పదు. కార్బొరేటర్ దగ్గర పెట్రోల్ ఆవిరైపోయి బండి నిలిచిపోవడం రెండింటికీ ఉన్న జబ్బే, గొట్టాన్ని వేడికి దూరంగా తిప్పడమే మందు. జీపు రేడియేటర్‌కు చోటు కొదవ లేదు గానీ, వేరుశనగ బుడ్డలు కొట్టే కాలంలో పొట్టు, దుమ్ము చేరి దాని రంధ్రాలు మూసుకుపోతాయి. వెనకనుంచి నీళ్లు కొట్టి కడగాలి. ముందునుంచి కొడితే పొట్టు ఇంకా లోపలికి పోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1965 నాటి కారు రోజూ తిరగాలంటే దాని చుట్టూ ఒక లోకం ఉండాలి. మస్టాంగ్‌కు ఆ లోకం కేటలాగుల్లో ఉంది. అమెరికాలో తలుపు గొళ్లెం నుంచి సీటు కుట్టు దాకా ప్రతిదీ కొత్తగా తయారై ఇంటికి వస్తుంది. 2011లో ఫోర్డ్ అనుమతితో 1965 మస్టాంగ్ కన్వర్టిబుల్ బాడీ మొత్తాన్నే కొత్త ఇనుముతో తయారుచేయడం మొదలైంది. పాత కారు లేకుండానే పాత కారు కట్టుకోవచ్చు. ఇది గొప్ప విషయమే. జీపు లోకం కేటలాగుల్లో లేదు. ఫ్యాక్టరీ ఆపకుండా తయారుచేస్తూ పోవడం వల్ల, లారీలూ ట్రాక్టర్లూ బాగుచేసే చేతులే దాన్నీ బాగుచేయగలగడం వల్ల నిలిచింది. ఒక ఉదాహరణ చాలు. మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో, వోల్టాస్‌తో కలిసి 1963లో ట్రాక్టర్ల కంపెనీ పెట్టారు. అందులోంచి వచ్చిన బీ-275 ట్రాక్టర్ ఇంజిన్ వంశానిదే జీపుల్లో కూర్చున్న ఎండీ-2350 డీజిల్. అంటే చేనులో దున్నిన ఇంజినూ, సంతకు పోయిన ఇంజినూ ఒకటే. బెళుగుప్ప, విడపనకల్లు, వజ్రకరూరు పల్లెల్లో ట్రాక్టర్ విప్పిన మేస్త్రీకి జీపు కొత్త కాదు. అతని పెట్టెలో అంగుళాల కొలత స్పానర్లు ఇంకా ఉన్నాయి. ఆ స్పానర్లు 1965 మస్టాంగ్ నట్లకు కూడా సరిగ్గా పడతాయి. రెండూ ఒకే దేశపు కొలతలతో పుట్టాయి కాబట్టి.

మా ఉమ్మడి జిల్లాలోనే పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. జిల్లాకు అది మంచి జరిగినట్టే. కానీ ఏ కంపెనీ కొత్త కారైనా సెన్సర్ పోతే ఉరవకొండ షెడ్డులో కంప్యూటర్ లేకుండా తేలదు. పాత అమెరికన్ బండికి ఉన్న పెద్ద అర్హత అదే. తప్పు ఎక్కడుందో చెవితో, ముక్కుతో, వేలితో కనిపెట్టవచ్చు.

ఒకసారి షెడ్డులో చూసిన పని చెబుతాను. జీపు యాభై దాటితే స్టీరింగ్ చేతుల్లో వణికిపోతోందని ఒక రైతు తెచ్చాడు. టైర్లు బ్యాలెన్స్ చేయించాడు, స్టీరింగ్ బాక్సు మార్చాడు, తగ్గలేదు. మేస్త్రీ ముందు ఇరుసుకు జాకీ పెట్టి లేపాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. టక్ అని సన్నగా ఒక చప్పుడు. "కింగ్ పిన్ను, ఇంకేం కాదన్నా" అన్నాడు. చక్రం మలుపు తిరిగే ఆ కీలు పైమూత విప్పి, బేరింగ్ మీద ఉన్న పల్చటి పలకల్లో ఒకటి తీసేసి, మళ్లీ బిగించి, చక్రం తిప్పడానికి ఎంత బలం పడుతుందో వేళ్లతో చూసుకున్నాడు. మరీ వదులైతే వణుకుతుంది, మరీ బిగువైతే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ఆ మధ్యస్థానం పుస్తకంలో అంకెగా ఉంటుంది. అతని వేళ్లకు అది తెలుసు. తర్వాత అతను చెప్పిన మాట ఇంకా ముఖ్యం. "ఇంత లావు టైర్లు వేసుకుంటే మళ్లీ వస్తావన్నా."

ఇక్కడే మన జీపుల మీద నా ఫిర్యాదు మొదలవుతుంది. బాగుచేయించడం పేరుతో లావు టైర్లు, వెడల్పు రిమ్ములు, ముందు ఇనుప కొమ్ముల బంపరు, పైన లైట్ల పట్టీ, బానెట్ మీద విల్లీస్ అని స్టిక్కరు. ఒక్కొక్కటీ చూడ్డానికి బాగుందనిపించవచ్చు. యంత్రానికి మాత్రం ఒక్కొక్కటీ శిక్ష. సన్న టైర్లకు లెక్క కట్టిన కింగ్ పిన్ను, స్టీరింగు, ఇరుసు ఆ బరువును మోయలేవు. గేరింగు మారిపోయి ఎత్తు ఎక్కలేదు. ముందు కమాన్ కట్టలు కుంగిపోతాయి. ఈ అలంకారం అంతా తీసేసి, ఫ్యాక్టరీ సైజు టైర్లు వేసి, కమాన్లకు కొత్త బూషులు పెట్టిస్తే అదే జీపు పదేళ్లు చిన్నదవుతుంది. మస్టాంగ్ లోకంలోనూ ఇదే జబ్బు వేరే రూపంలో ఉంది. పాత బాడీలో కంప్యూటర్‌తో నడిచే కొత్త వి-8 పెట్టి, వెనక ఇరుసు నుంచి డాష్‌బోర్డు దాకా మార్చి, నాలుగు వందల గుర్రాలు ఎక్కిస్తారు. నడపడానికి హాయిగా ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ అప్పుడు మిగిలింది మస్టాంగ్ తొడుగు మాత్రమే. దానికి సరిగ్గా ఎదురు చివర మరో వర్గం ఉంది. బోల్టు తల మీది గుర్తు కూడా ఫ్యాక్టరీదై ఉండాలంటారు, ఇంజిన్ నంబరు బాడీ నంబరుతో కలవాలంటారు, అంతా కలిశాక ట్రైలర్ మీదే ఊరు దాటిస్తారు, తారు మీద చక్రం పెట్టనివ్వరు. నా పరీక్షలో ఈ రెండో వర్గం కూడా తప్పుతుంది.

పెట్రోల్ జీపులకు డీజిల్ ఇంజిన్ వేయించడం మీద మాత్రం నా అభిప్రాయం వేరు. 1973 చమురు సంక్షోభం తర్వాత ధరలు పెరిగిన రోజుల్లో హరికేన్ పెట్రోల్ ఇంజిన్‌ను మేపడం రైతుకు కష్టమైంది. ట్రాక్టర్ డీజిల్, ఆ తర్వాత ఎంఎం-540తో వచ్చిన ప్యూజో ఎక్స్‌డీపీ 2.1 లీటర్ల డీజిల్ జీపును బతికించాయి. చప్పుడు పెరిగింది, వణుకు పెరిగింది, బండి పాత్ర మారింది. అయినా ఆ మార్పు బండిని పనిలో ఉంచడానికి జరిగింది, ఫ్యాక్టరీయే ఆ దారి చూపింది. చరిత్రలో భాగమైన మార్పును చెరిపేసి, పెట్రోల్ ఇంజిన్ వెతికి తెచ్చి పెట్టడమే శుద్ధమైన పని అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. దొరికిన జీపు డీజిల్ అయితే డీజిల్‌గానే, పెట్రోల్ అయితే పెట్రోల్‌గానే బాగుచేయించాలి.

పెట్రోల్ గురించి ఇంకో మాట. ఈ రెండు బండ్లూ సీసం కలిపిన పెట్రోల్ కాలానివి. మనదేశంలో సీసం లేని పెట్రోల్ 2000 నుంచి అంతటా అమల్లోకి వచ్చింది, సీసం పోయాక గట్టివి కాని పాత ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు త్వరగా అరిగిపోతాయి. ఇంజిన్ విప్పినప్పుడే సీట్లు చూసుకుని, మెత్తనివైతే గట్టివి వేయించుకోవాలి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ వస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలను, కార్బొరేటర్ లోపలి డయాఫ్రమ్‌లను ఉబ్బించి చెడగొడుతుంది, నీళ్లను పీల్చుకుంటుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేసుకోకుండా పాత పెట్రోల్ జీపును రోజూ నడిపితే ఎప్పుడో ఒకప్పుడు వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మార్పు చేయకూడదని ఇంత చెప్పి, ఒక్కచోట మాత్రం మార్చి తీరాలంటాను. బ్రేకులు. 1965 మస్టాంగ్‌కు బ్రేకు ద్రవం వెళ్లే దారి ఒక్కటే. నాలుగు చక్రాల్లో ఏ గొట్టం పగిలినా పెడల్ నేలకు తాకుతుంది, నాలుగూ పోతాయి. 1967 మోడల్ నుంచి ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ వేరువేరు దారులు వచ్చాయి. పాత జీపుదీ అదే ఒంటిదారి, పైగా నాలుగూ డ్రమ్ములే, వంకలో నీళ్లు దాటితే కాసేపు పట్టవు. అమెరికాలో 1965 మస్టాంగ్‌కు రెండు దారుల మాస్టర్ సిలిండర్, ముందు డిస్కులు వేసుకోవడం మామూలు పని. డిస్కులు ఆ కాలంలోనే ఆప్షన్‌గా ఉన్నాయి కాబట్టి అది కారు స్వభావాన్ని చెరపదు కూడా. జీపుకు తర్వాతి మోడళ్ల భాగాలతోనే ఆ పని చేయించుకోవచ్చు. అలాగే బెల్టులు. మస్టాంగ్‌లో నడుముకు మాత్రమే ఉండేవి, జీపులో అవీ లేవు. ఎనభై అంగుళాల వీల్‌బేస్, ఎత్తైన కూర్పు, పైన టార్పాలిన్ గుడ్డ. మలుపులో జీపు పల్టీ కొడితే మనిషిని కాపాడేది ఏదీ లేదు. రాయలసీమలో ఎన్ని కుటుంబాలు ఈ విషయాన్ని ఎంత ఖరీదుకు తెలుసుకున్నాయో ఇక్కడి పెద్దలకు చెప్పాల్సిన పని లేదు. గట్టి ఇనుప పైపుల పంజరం, నాలుగు బెల్టులు పెట్టించాకే రంగు గురించి మాట్లాడాలి.

చట్టం ఈ రెండు దేశాల్లోనూ పాత బండిని ఇష్టపడుతున్నట్టే కనిపించి, రోజూ నడపడాన్ని మాత్రం ఇష్టపడదు. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అనే అక్షరాలు. బాగుంది. కానీ ఆ నంబరు వేసుకున్న బండి ప్రదర్శనకూ ర్యాలీకీ పెట్రోల్‌కూ మరమ్మతుకూ తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. గౌరవం ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం ఇది. రోజూ తిప్పాలంటే మామూలు రిజిస్ట్రేషనే ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకుంటూ పోవాలి. కార్లకు 600 రూపాయలున్న ఆ పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్‌లో 5,000కు పెంచారు. పల్లెలో పాత జీపు మీద బతికేవాడికి అది చిన్న మొత్తం కాదు. అమెరికాలో కూడా చాలా రాష్ట్రాల్లో చారిత్రక నంబరు పలక తీసుకుంటే రోజువారీ వాడకానికి అడ్డంకులుంటాయి, పాత కార్ల బీమా ఉద్యోగానికి పోయే రాకపోకలను ఒప్పుకోదు. అయితే అక్కడ మామూలు పలక పెట్టుకుని మామూలుగా తిరిగే దారి మనకంటే సులువు.

2018లో మహీంద్రా వాళ్లు రాక్సర్ పేరుతో ఈ జీపు వారసుణ్నే అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ఆబర్న్ హిల్స్‌లో బిగించడం మొదలుపెట్టారు. రోడ్డు మీదికి రాకూడదు, పొలాల్లో అడవుల్లో తిరగడానికే. జీపు పేరు హక్కులున్న కంపెనీ కేసు వేసింది, పోలిక మరీ ఎక్కువగా ఉందని 2020లో అక్కడి ప్రభుత్వ వాణిజ్య కమిషన్ తేల్చింది, ముఖం మార్చాల్సి వచ్చింది. మిషిగన్‌లో కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో మా వైపు పల్లెల నుంచి వెళ్లినవాళ్లు ఆ రాక్సర్‌ను చూసి ఊరి జీపు కంటపడినట్టు ఆగిపోయి ఉంటారని నాకు నమ్మకం. ఇటువైపు మస్టాంగ్ 2016లో మనదేశంలో అమ్మకానికి వచ్చింది, కుడివైపు స్టీరింగుతో, 65 లక్షల రూపాయలకు. పాత మస్టాంగ్‌కు ఎడమవైపే స్టీరింగ్. మన తొలి జీపులకూ అంతే. వెనక తలుపు మీద లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్ అని తెల్ల రంగుతో రాయించుకుని తిరిగిన జీపుల్ని చూసినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నారు.

ఉరవకొండ పడమటి పొలాల్లో నల్లరేగడి ఉంది. నాలుగు చినుకులు పడితే చక్రానికి మట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. అక్కడ మస్టాంగ్ గురించి మాట్లాడటమే అన్యాయం. ఆ కారు అందుకోసం పుట్టలేదు. జీపు నాలుగు చక్రాల లివరు లాగి, లో గేరులో నడిచిపోతుంది. కాబట్టి నేల మీద తీర్పు ఇవ్వను. రెండింటి మీదా సమానంగా తీర్పు ఇవ్వదగింది మనిషి వాటిని ఎలా వాడుకున్నాడన్న విషయంలోనే.

అందుకు నాకు బాగా నచ్చిన సాక్ష్యం 1968 నాటి ఒక మస్టాంగ్. 'బులిట్' సినిమాలో స్టీవ్ మెక్‌క్వీన్ నడిపిన ఆకుపచ్చ కారు. 1974లో ఒక మామూలు కుటుంబం దాన్ని కొనుక్కుంది. ఆ ఇంటి ఇల్లాలు టీచరు. బడికి రోజూ ఆ కారులోనే వెళ్లొచ్చేది. 2020 జనవరిలో అది వేలానికి వచ్చినప్పుడు రంగు వేయలేదు, సొట్టలు తీయలేదు. ఆ స్థితిలోనే 34 లక్షల డాలర్లు పలికింది, రుసుములు వేరే. సినిమా ఇచ్చిన కీర్తి ఉంది, నిజమే. కానీ ఆ సొట్టలు, అరిగిన సీటు తెచ్చిన నమ్మకం కూడా ఆ ధరలో ఉంది. మన సినిమాలు జీపుకు ఇచ్చిన కీర్తి వేరే. తెర మీద రాయలసీమ జీపు దిగిందంటే కత్తులు దిగినట్టే. దుమ్ము రేపుకుంటూ వచ్చిన వరసలో జీపులు, వెనక సుమోలు. ఆ బొమ్మ చూసి పెరిగిన కుర్రాళ్లే ఇవాళ కొమ్ముల బంపర్లు బిగిస్తున్నారు. నిజానికి ఈ ప్రాంతపు జీపు మోసింది విత్తన బుడ్డల మూటలు, పెన్నహోబిలం నరసింహస్వామి మొక్కుబడులకు పోయే కుటుంబాలు, ఉరవకొండ మగ్గాల పట్టుచీరలు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, ఎన్నికల పెట్టెలు. ఆ జీపును ఆ పనుల గుర్తులతోనే, అంటే సీటు పక్క అరిగిన ఇనుప కడ్డీతో సహా, బాగుచేయించమని నా విన్నపం. అరుగుదల కనపడకుండా పుట్టీ పెట్టేయడం సులువే. పెట్టాక ఆ బండి ఎవరిదో తెలియదు.

మస్టాంగ్ దగ్గర మనం నేర్చుకోవాల్సింది మాత్రం ఒకటుంది. ఫోర్డ్ 1965లో మెకానిక్‌ల కోసం వేసిన షాప్ మాన్యువల్ ఇప్పటికీ అచ్చులో దొరుకుతుంది. ఏ బోల్టు ఎంత బిగించాలో, 289 ఇంజిన్‌లో సిలిండర్లు 1-5-4-2-6-3-7-8 వరసలో పేలాలని, అన్నీ ఉంటాయి. ఎవరైనా కొనుక్కుని వాకిట్లో కారు విప్పుకోవచ్చు. మన జీపు విద్య మేస్త్రీల చేతుల్లో ఉంది, చేతులతోనే పోతోంది. షెడ్డుల్లో నేర్చుకునే కుర్రాళ్లు ఇప్పుడు స్కూటర్ల వైపు, కంప్యూటర్ స్కానర్ల వైపు వెళ్తున్నారు, వాళ్లను తప్పు పట్టలేం. తెలుగులో జీపు మీద పనికొచ్చే పుస్తకం ఒక్కటి రావాలి. పాయింట్ల గ్యాపు ఇరవై థౌ (అంగుళంలో వెయ్యోవంతులు) అని, హరికేన్ పేలుడు వరస 1-3-4-2 అని, కింగ్ పిన్ను పలకలు ఎన్ని తీయాలో ఎలా తేల్చుకోవాలో, ప్యూజో డీజిల్‌లో గాలి చేరితే ఎక్కడ వదలాలో, బొమ్మలతో సహా. మా జిల్లా ఐటీఐల వాళ్లు, పాత మేస్త్రీలు కలిసి కూర్చుంటే అది ఒక వేసవి పని. అచ్చు ఖర్చు పంచుకోవడానికి జీపున్న ఇళ్లు ఇక్కడ చాలానే ఉన్నాయి, నా వాటా నేను ఇస్తాను.